పిల్లలకి దేవుడితో మాట్లాడటం ఎలా నేర్పాలి: కతోలిక అమ్మానాన్నలకి, కొత్తగా క్యాటకిజం (పిల్లలకి మతబోధ) చెప్పేవాళ్ళకి

ముందు ఇంట్లో ఒక అలవాటు మానేయాలండి, అది మానకుండా తర్వాత ఎన్ని జపాలు నేర్పినా లోపలికి దిగవు. దేవుడి పేరు చెప్పి పిల్లల్ని బెదిరించడం. "అబద్ధం ఆడితే దేవుడు కళ్ళు పొడుస్తాడు", "అన్నం పారేస్తే యేసుప్రభువుకి కోపమొస్తుంది", "లెంపలేసుకో, లేకపోతే చూడు ఏమవుద్దో". మనం మాట వరసకే అంటాం, వాడూ ఆ పూటకి నోరు మూసుకుని తినేస్తాడు, మన పని అయిపోయిందనుకుంటాం. కానీ ఆ చిన్న బుర్రలో దేవుడంటే ఎవడు కాపీ కొడతాడా అని చూస్తూ తిరిగే ఇన్విజిలేటర్ లాంటోడని పడిపోద్ది, ఇక ఆదివారం పూజయ్యాక క్లాసులో మేము "దేవుడికి మీరంటే ప్రాణం" అని ఎంత చెప్పినా తల ఊపుతారు గానీ నమ్మరు. భయమేసే మనిషితో ఎవరైనా మనసు విప్పి మాట్లాడతారా చెప్పండి. ప్రార్థనంటే ఆ మాట్లాడటమే కదా.

మీ పిల్లలు ఇప్పటికే దేవుణ్ణి ఎలా ఊహించుకుంటున్నారో తెలుసుకోవాలంటే ఒక తెల్లకాగితం, నాలుగు క్రేయాన్స్ ఇచ్చి "దేవుడు ఇప్పుడు ఏం చేస్తుంటాడో బొమ్మెయ్యి" అని చెప్పి పక్కకెళ్ళిపోండి. అక్కడే నిలబడితే మీకు నచ్చేది వేస్తారు. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, క్లాసుకి కొత్తగా చేరినోళ్ళకి మొదటి క్లాసు నేను ఇదే పెడతా. కొందరు మేఘం మీద గడ్డం తాతని వేసి చేతిలో నోటుబుక్కు పెడతారు, ఎందుకురా అంటే మన తప్పులు రాసుకుంటాడంటారు. ఒక పాప మాత్రం దేవుడు బిందెతో మామిడిచెట్టుకి నీళ్ళు పోస్తున్నట్టు వేసింది, ఆ పిల్లకి నేను కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేదు. బొమ్మ ఎలా ఉన్నా దిద్దొద్దు. ఆ నోటుబుక్కు తాత దగ్గర నుంచే కబుర్లు మొదలుపెట్టండి, అందులో మంచి పనులు కూడా రాస్తాడా, నువ్వు నిద్రపోయాక ఏం చేస్తాడు, నీకు జ్వరం వచ్చినప్పుడు ఎక్కడున్నాడు, అని.

అసలు ప్రార్థనంటే ఏంటి అనేదానికి పెద్ద థియాలజీ అక్కర్లేదు. 1992లో వచ్చిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం అనే పుస్తకంలో నాలుగో భాగం మొత్తం ప్రార్థన గురించే, అందులో ప్రార్థన అంటే ఏమిటి అన్న ప్రశ్నకి ముందుగా పెట్టిన జవాబు చిన్న తెరేజమ్మ గారిది. ఆవిడ ప్రకారం ప్రార్థనంటే గుండె ఒక్కసారిగా దేవుడి వైపు లేవడం, పైకి ఒక చూపు చూడటం, కష్టమైనా సంతోషమైనా సరే. 24 ఏళ్ళకే చనిపోయిన మఠకన్య ఆవిడ. పైకి ఒక చూపు చూడటం అయిదేళ్ళ పిల్లకి కూడా వచ్చు, కాబట్టి నేను చెప్పేదేంటంటే ముందు మాట్లాడటం, ఆ తర్వాతే కంఠతా పట్టడం. మనోళ్ళు దీన్ని తిరగేస్తారు, మంగళవార్త జపం (ఇంగ్లీషులో హెయిల్ మేరీ) అప్పజెప్పేస్తే ప్రార్థన వచ్చేసిందని చుట్టాల ముందు నిలబెట్టి చెప్పిస్తారు. కంఠతా వద్దని కాదండోయ్. ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు మన సొంత మాటలు ఏవీ రావు, చిన్నప్పుడు నోటికొచ్చిన పరలోక జపమే వస్తుంది, అది పెద్ద ఆస్తి. కాకపోతే ఎవరితో మాట్లాడుతున్నామో తెలిశాక నేర్చుకుంటేనే అది ఆస్తి అవుతుంది.

చిన్నోళ్ళకి, అంటే మూడు నుంచి ఆరేళ్ళ లోపు

సిలువ గుర్తుతో మొదలుపెట్టండి, ఇక్కడ చాలామందికి తెలియని ఒక చిక్కుంది. మీరు పిల్లాడికి ఎదురుగా కూర్చుని కుడిచేత్తో చేసి చూపిస్తే వాడు అద్దంలో చూసినట్టు ఎడమచెయ్యి ఎత్తుతాడు, మీరు "ఆ చెయ్యి కాదు" అని కసురుతారు, అక్కడితో మొదటి ప్రార్థనే తిట్లతో మొదలవుతుంది. ఎదురుగా కాదు, వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని వెనక నుంచి వాడి కుడిచెయ్యి మీ చేతిలోకి తీసుకుని చేయించండి. పిత అన్నప్పుడు నుదురు, పుత్ర అన్నప్పుడు గుండె, పవిత్రాత్మ అన్నప్పుడు ఎడమ భుజం నుంచి కుడి భుజానికి. నెమ్మదిగా. మనం పెద్దోళ్ళం దోమని తోలుకున్నట్టు చేస్తాం చూడండి, అది వాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

రాత్రి పడుకునే ముందు మంచం మీదే మూడు ప్రశ్నలు అడగండి. ఇవాళ ఏది బాగుంది, ఏది బాలేదు, రేపటికి ఏం కావాలి. బాగున్నదానికి థాంక్స్, బాలేనిదాంట్లో మన తప్పుంటే సారీ, రేపటికి కావాల్సింది అడగడం, అయిపోయింది. ఇదేం నా సొంత తెలివి కాదు, విజయవాడ లొయోలా కాలేజీకి ఎవరి పేరు పెట్టారో ఆ లొయోలా ఇగ్నేషియస్ గారు 16వ శతాబ్దంలో తన వాళ్ళకి నేర్పిన ఆత్మపరిశీలనని పిల్లల సైజుకి కత్తిరించుకున్నదే. ఒక్కటి చూసుకోండి, థాంక్స్ అనేది పేరు పెట్టి చెప్పాలి. "అందరినీ చల్లగా చూడు స్వామీ" అనేది పెద్దోళ్ళ మాట, పిల్లలది "ఇవాళ పక్కింటి కుక్కపిల్ల నా కాలు నాకింది, థాంక్యూ యేసయ్యా" అన్నట్టు ఉంటుంది, ఉండనివ్వండి. నవ్వొస్తే ఆపుకోండి. ఒకసారి నవ్వితే మళ్ళీ మీ ముందు నోరు తెరవరు.

"ఏది బాలేదు" అన్న ప్రశ్నకి కూడా చోటుండాలి, ఎందుకంటే పిల్లలకి దేవుడి ముందు మంచిగా నటించాలి అనే అలవాటు చాలా తొందరగా పట్టుకుంటుంది. అక్క మీద కోపంగా ఉంటే కోపంగా ఉందనే చెప్పనివ్వండి. కీర్తనలు తీసి చూడండి, 13వ కీర్తన మొదటి వాక్యమే ఇంకా ఎంతకాలం నన్ను మర్చిపోతావు అని నిలదీయడం, అది దైవగ్రంథంలోనే ఉంది, మనం పిల్లల్ని మాత్రం అలా అనకూడదంటాం.

ఇంకో సంగతి, నాన్నలకి. మన ఇళ్ళల్లో జపమాల అమ్మ చెప్పిస్తుంది, నాన్న ఆ టైముకి ఫోన్‌లో ఉంటాడు, లేదా అప్పుడే బజారు పని గుర్తొస్తుంది. మగపిల్లాడు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఇది ఆడోళ్ళ పని అని తేల్చేసుకుంటాడు, ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్న రోజూ పెద్ద జపాలేం చెయ్యక్కర్లేదు, బండి తీసే ముందు సిలువ గుర్తు వేసుకుంటే చాలు, వెనక కూర్చున్నోడు చూస్తాడు.

అరచేతి క్లాసు

దేవుడి ప్రేమ గురించి ఒక గంట ఏం చెప్పాలో తోచని టీచర్లకి ఇది రాస్తున్నా, ఆరు నుంచి పదేళ్ళ పిల్లలకి బాగా పనిచేస్తుంది, ఇంట్లో ఒక్కడితో కూడా చెయ్యొచ్చు. కావాల్సింది కాగితాలు, స్కెచ్‌పెన్లు, ఒక బైబిలు.

మొదట బైబిలు తెరవకండి. "మీ అమ్మ మిమ్మల్ని ఎప్పుడైనా మర్చిపోయిందా?" అని అడగండి. ముందు అందరూ లేదంటారు. ఒకడు మెల్లగా మొదలుపెడతాడు, స్కూల్ దగ్గర తీసుకెళ్ళడం మర్చిపోయింది, వాచ్‌మన్ తాతతో కూర్చున్నా అని. ఇంకోడు తిరునాళ్ళలో తప్పిపోయిన కథ చెప్తాడు. టిఫిన్ బాక్సులో స్పూన్ పెట్టడం మర్చిపోయిందని ఒక పిల్ల కంప్లెయింట్. చెప్పనివ్వండి, ఈ పది నిమిషాలు వేస్టు కాదు, అసలు పాఠం ఇక్కడే ఉంది. అప్పుడు యెషయా 49వ అధ్యాయం 15, 16 వచనాలు చదవండి. తల్లి తన పసిబిడ్డని మర్చిపోతుందా, ఒకవేళ ఆమె మర్చిపోయినా నేను నిన్ను మర్చిపోను, ఇదిగో నిన్ను నా అరచేతుల మీద చెక్కుకున్నాను. రెండుసార్లు చదవండి, రెండోసారి నెమ్మదిగా.

తర్వాత ఒక్కొక్కళ్ళు కాగితం మీద చెయ్యి పెట్టి చుట్టూ గీత గీసుకుంటారు, అది దేవుడి చెయ్యి అనుకోమనాలి. మధ్యలో వాళ్ళ పేరు వాళ్ళు కాకుండా టీచరే ఒక్కొక్కళ్ళ దగ్గరికెళ్ళి రాయాలి, రాస్తూ ఆ పేరు పైకి పలకాలి. క్లాసు మొత్తానికి చెప్తే వినని పిల్లాడు వాడి పేరు పలికితే వింటాడు. ఒకసారి ఇలా రాస్తుంటే ఒకడు అడిగాడు, "టీచర్, దేవుడు చెయ్యి కడుక్కుంటే పోద్దా?" అని. నేను ఏదో చెప్పబోయే లోపే పక్కనున్నది కొట్టినట్టు చెప్పింది, "చెక్కాడన్నారు కదరా, పెన్నుతో రాశాడనలా". ఇంకోడు వాళ్ళ తమ్ముడు ఇంకా క్లాసుకి రాడు కాబట్టి వాడి పేరు బొటనవేలు మీద రాయమన్నాడు, రాశా. చివర్లో మాటలేం లేకుండా ఒక్క నిమిషం అరచేతులు తెరిచి కూర్చోవాలి, ఆ తర్వాత ఎవరికిష్టమైతే వాళ్ళు దేవుడికి ఒక్క మాట పైకి చెప్పొచ్చు, ఇష్టం లేనోళ్ళు లోపల చెప్పుకుంటారు. బలవంతం వద్దు.

యేసుప్రభువు అరచేతుల్లో మేకుల గాయాలకి దీన్ని కలపడం తొమ్మిది పదేళ్ళ వాళ్ళతో చేస్తే బాగుంటుంది, ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సు కాలంలో సిలువ మార్గం చేస్తున్నప్పుడు వాళ్ళంతట వాళ్ళే కలిపేసుకుంటారు కూడా. అయిదారేళ్ళ వాళ్ళకి మాత్రం వద్దండి, ఆ వయసులో రక్తం సంగతి ఒక్కటే మిగిలి రాత్రి కలలోకి వస్తుంది.

పల్లెటూళ్ళో ఉన్నవాళ్ళకి దీనికంటే తేలికైన పాఠం పెరట్లోనే ఉంది. మత్తయి 23:37లో ప్రభువు తనని తాను తల్లికోడితో పోల్చుకున్నాడు, పిల్లల్ని రెక్కల కిందకి చేర్చుకునే కోడి. గద్ద నీడ పడగానే తల్లి అరిచే అరుపు వేరుగా ఉంటుంది, పిల్లలన్నీ పరుగెత్తుకొచ్చి లోపల దూరతాయి, ఇది మన పిల్లలు టీచరు కంటే బాగా చెప్తారు. వాళ్ళనే చెప్పనిచ్చి వచనం చదవండి చాలు. టౌన్ పిల్లలకి ఇది వీడియోలో చూపించాలి, అది వేరే సంగతి.

పరలోక జపాన్ని వారానికి ఒక ముక్క చొప్పున

మొత్తం ఒకేసారి వద్దు. ఒక వారం అంతా ఒక్క వాక్యమే. "నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి" అనే వారం కంచం ముందు కూర్చున్నప్పుడు చెప్పించండి, ఈ అన్నం నీ కంచంలోకి ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో లెక్కపెట్టమనండి. నాటేసిన ఆడోళ్ళు, కోత మిషన్ అన్న, మిల్లు వాళ్ళు, బస్తా మోసినాయన, గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి, వండిన అమ్మ. దేవుడు అన్నం పైనుంచి పడెయ్యడు, ఇంతమంది చేతులతో పెడతాడు అని అర్థమవడానికి ఇంతకంటే దగ్గర దారి నాకు తెలీదు. "మా అప్పులను మీరు మన్నించండి" దగ్గర కాస్త జాగ్రత్త, రైతుల పిల్లలు వెంటనే "మా నాన్న బ్యాంకు అప్పు కూడానా?" అని అడుగుతారు. నవ్వుతాలు కాదు, ఆ పిల్లకి ఇంట్లో రోజూ వినిపించే మాట అది. ఇక్కడ చెప్పేది మన తప్పుల గురించి అని చెప్పండి, చెప్పి, నాన్న అప్పు గురించి కూడా దేవుడికి చెప్పుకుందాం అనండి, అక్కడే ఆగి చెప్పుకోండి. పాఠం ఆలస్యమైతే అవనివ్వండి.

అడిగింది రాకపోతే

అసలు కష్టం ఇక్కడొస్తుంది, టీచర్లు చాలామంది దీన్ని దాటేస్తారు. పిల్లలు సైకిల్ అడుగుతారు, ఫస్ట్ ర్యాంక్ అడుగుతారు, తాతయ్యకి తగ్గాలని అడుగుతారు. మా గుంటూరు వైపు ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే ఇంకోటుంది. ఒకడి నాన్న మిర్చి కల్లంలో ఆరబోశాడు, చుక్క వాన పడకూడదు. అదే బెంచీ మీద కూర్చున్న ఇంకో పిల్ల వాళ్ళ మొక్కజొన్నకి నీళ్ళు అందట్లేదు, వాన కావాలి. ఇద్దరూ ఒకే క్లాసులో ప్రార్థన చేశాక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నన్ను చూస్తారు, టీచర్ ఇప్పుడు దేవుడు ఎవరి మాట వింటాడు?

దీనికి "ఎవరు భక్తిగా అడిగితే వాళ్ళది" అని మాత్రం చెప్పకండి దయచేసి. మిరపకాయలు తడిసి నల్లబడితే ఆ పిల్లాడికి నష్టంతో పాటు నా భక్తి చాల్లేదు అనే భారం కూడా మిగులుతుంది. గెత్సెమనీ తోట చెప్పండి. సాక్షాత్తు యేసుప్రభువే తండ్రిని అడిగాడు, ఈ పాత్ర, అంటే రాబోయే ఈ బాధ, నా నుంచి తీసెయ్యి అని, భయమేసి చెమటలు పట్టి అడిగాడు. పాత్ర తొలగలేదు. కానీ లూకా సువార్తలో ఒక మాట ఉంది, పరలోకం నుంచి ఒక దూత వచ్చి ఆయనకి ధైర్యం ఇచ్చాడని. అడగొద్దని కాదు, అడగాలి, ప్రభువే అడిగాడు. అడిగాక ఆయన మనల్ని ఒంటరిగా వదలడు, అంతవరకే మనం గట్టిగా చెప్పగలిగింది, మిగతా ఎందుకు అన్నదానికి పెద్దోళ్ళ దగ్గరా జవాబు లేదని పిల్లలకి చెప్తే వాళ్ళేం విశ్వాసం పోగొట్టుకోరు. నేను ఆ రోజు చేసిందల్లా, మిర్చి పిల్లాణ్ణి మొక్కజొన్న కోసం, ఆ పిల్లని కల్లం కోసం ప్రార్థన చెయ్యమనడం. ముందు మొహం ముడుచుకున్నారు. తర్వాత వాడు "వాళ్ళ చేలో ఒక్కచోటే పడేట్టు చెయ్యి స్వామీ, మా కల్లం దాకా రానివ్వకు" అన్నాడు, అదీ ప్రార్థనే.

మొక్కుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలకి మనందరం పిల్లల్ని ఎత్తుకుని వెళ్తాం, కొవ్వొత్తులు, తలనీలాలు, కొండెక్కడం, అవన్నీ వాళ్ళు చూస్తారు. చూసి "నాకు ఫస్ట్ వస్తే నడిచొస్తా" అని బేరం మొదలుపెడతారు. మొక్కుని తక్కువ చేసి మాట్లాడొద్దు, అమ్మమ్మ మొక్కు వెనక ఎంత ఏడుపు ఉందో మనకేం తెలుసు. కానీ పిల్లాడికి దిశ మార్చొచ్చు: ర్యాంక్ వచ్చినా రాకపోయినా కొండెక్కుదాం, వస్తే థాంక్స్ చెప్పడానికి, రాకపోతే అమ్మ దగ్గర కూర్చుని చెప్పుకోడానికి. దేవుడు లంచం తీసుకోడు అనేది ఒక్కసారి వాడి బుర్రకెక్కితే చాలు.

తండ్రి అనే మాటకి భయపడే పిల్లలు

"దేవుడు మీ నాన్న లాంటివాడు" అని మనం చాలా తేలిగ్గా అనేస్తాం. ఆ క్లాసులో రాత్రి నాన్న తాగొచ్చి అమ్మని కొట్టడం చూసిన పిల్ల ఉంటుంది, ఉండదనుకోవద్దు. ఆ పిల్లకి మనం ఇప్పుడు ఏం చెప్పినట్టు? అందుకని నేను "మీ నాన్న లాంటివాడు" అనను, యేసుప్రభువు చెప్పిన తండ్రి ఎలా ఉంటాడో చూద్దాం అంటా, తప్పిపోయిన కొడుకు దూరంగా కనపడగానే పరుగెత్తుకెళ్ళి మెడ పట్టుకున్న తండ్రి. కాపరి కథ, తల్లి ఓదార్చినట్టు ఓదారుస్తాను అన్న యెషయా 66:13, ఇవన్నీ చేతిలో ఉంచుకోవాలి. ఏ తలుపు తెరుచుకుంటే ఆ తలుపు. పిల్ల క్లాసులో అలాంటి విషయం ఏదైనా బయటపెడితే, లేదా ఎవరో ముట్టుకున్న సంగతి చెప్తే, "దేవుడికి చెప్పుకో అమ్మా" అని పంపెయ్యకండి. నమ్మి చెప్పింది మీకు. మీరే కదలాలి, అవసరమైతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యాలి.

అమ్మో నాన్నో చనిపోయిన పిల్లలతో మనోళ్ళు ఓదార్పుగా అనుకుని ఒక ఘోరమైన మాట అంటారు, "మీ అమ్మంటే దేవుడికి చాలా ఇష్టం, అందుకే తీసుకెళ్ళిపోయాడు" అని. ఒక్కసారి ఆ పిల్ల వైపు నుంచి వినండి. ఇష్టమైనోళ్ళని ఎత్తుకుపోయే దేవుడితో ఎవరు మాట్లాడతారు, రేపు నాన్న కూడా ఇష్టమైతే? దాని బదులు తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసుప్రభువు ఏడ్చాడు అని చెప్పండి, అమ్మ కోసం నువ్వు ఏడిస్తే ఆయన పక్కనే ఉన్నాడు అని. నవంబర్ 2న సమాధుల పండుగకి తీసుకెళ్ళండి, సమాధి కడగడం, పూలు పెట్టడం, కొవ్వొత్తి వెలిగించడం పిల్ల చేత్తోనే చేయించండి. అమ్మ కోసం ప్రార్థన చెయ్యొచ్చు అనేది కతోలికులకి ఉన్న పెద్ద ఊరట, చెయ్యడానికి ఒక పని దొరుకుతుంది ఆ చిన్న చేతులకి.

జపమాల, పూజ

అక్టోబర్ జపమాల మాసం కాబట్టి ఇళ్ళల్లో రోజూ యాభై మూడు పూసలూ లాగిస్తారు, పిల్లలు మూడో దశకానికి (పది పూసలు ఒక దశకం) గోడకి ఆనుకుని జోగుతుంటారు, అమ్మ ఒక మొట్టికాయ. ఫాతిమా పిల్లలు గుర్తున్నారా, 1917లో మరియమ్మ దర్శనమిచ్చిన లూసియా, ఫ్రాన్సిస్కో, జసింత. వాళ్ళు అంతకుముందు గొర్రెలు కాస్తూ ఆటకి టైం చాలట్లేదని పూసకి "మంగళవార్త" మొదటి రెండు మాటలే చెప్పి లాగించేసేవాళ్ళు, ఈ సంగతి పెద్దయ్యాక లూసియానే రాసుకుంది. అలాంటి ఫ్రాన్సిస్కో, జసింత 2017లో పునీతులయ్యారు. చిన్న తెరేజమ్మ గారు ప్రార్థనలో నిద్రపోయేవారట, నిద్రపోయినా మెలకువగా ఉన్నా అమ్మానాన్నలకి పిల్లలు ఒకేలా ముద్దొస్తారు కదా అని సర్దిచెప్పుకున్నారు. కాబట్టి మొట్టికాయ ఆపండి. ఏడేళ్ళ లోపు వాళ్ళకి ఒక్క దశకం చాలు, ఆ దశకానికి వాళ్ళనే లీడర్ చెయ్యండి, ఒక్కో పూసకి ఒక్కో మనిషి పేరు చెప్పమనండి, ఇది అమ్మమ్మకి, ఇది బడి ఆయమ్మకి, ఇది నన్ను కొట్టిన వాడికి.

పూజలో చివరి బెంచీలో కూర్చోబెట్టి "ష్ష్" అంటుంటే వాళ్ళకి కనపడేది ముందువాళ్ళ వీపులే. ముందుకి తీసుకెళ్ళండి, పీఠం కనపడాలి. అప్పద్రాక్షారసాలు ఎత్తినప్పుడు చెవిలో ఒక్క మాట, "ఇప్పుడు యేసు వచ్చాడు, హలో చెప్పు". ప్రథమ దివ్యసత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) క్లాసుల్లో కూడా ఇదే మరవకూడదు. 1910లో పదో పయస్ పోపుగారు చిన్నపిల్లలకి సుమారు ఏడేళ్ళకే సత్ప్రసాదం ఇవ్వొచ్చని తేల్చి చెప్పారు, పెద్ద సిద్ధాంతాలు రానక్కర్లేదు, ఇది మామూలు రొట్టె కాదు, ప్రభువు అని వాళ్ళకి అర్థమైనంతలో తెలిస్తే చాలన్నారు. మనమేమో ప్రశ్నా జవాబులు తప్పులేకుండా అప్పజెప్పలేదని పిల్లల్ని ఏడిపిస్తాం, తెల్లగౌను కొలతలకి పెట్టిన టైములో సగం కూడా సత్ప్రసాదం తీసుకున్నాక ప్రభువుతో ఏం మాట్లాడాలో చెప్పడానికి పెట్టం. దానికి ముందే ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి: బెంచీకొచ్చి మోకరించాక ముందు థాంక్యూ, తర్వాత ఒక మనిషి కోసం ఒక విన్నపం, తర్వాత ఏం మాట్లాడకుండా కాసేపు. ఫోటోగ్రాఫర్ని ఆ టైంకి దూరంగా ఉండమని ఫాదర్ గారితో ముందే చెప్పించండి, మనం చెప్తే వినరు.

డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్ళ పిల్లలకి జపాలన్నీ ఇంగ్లీషులో వస్తాయి, నానమ్మకి తెలుగే వచ్చు. దానికి బాధపడక్కర్లేదు. మంగళవార్త జపం రెండు ముక్కలు కదా, వీడియో కాల్‌లో నానమ్మ "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని తెలుగులో సగం చెప్తే మిగతా సగం పిల్లాడు ఇంగ్లీషులో అందుకుంటాడు. కొన్నాళ్ళకి వాడికి నానమ్మ సగం నోటికొచ్చేస్తుంది. టైమ్ మాత్రం వాళ్ళ బెడ్‌టైం చూసి కాకుండా నానమ్మ మాత్రలు వేసుకుని ఖాళీగా ఉండే టైం చూసి పెట్టుకోండి, లేదంటే దశకం మధ్యలో పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఫోన్ అక్కడే పడేసి లేచిపోతుంది.